చేపకు వచ్చిన కీడు

మనుష్యుల రోగములకే మందులు చాలని దేశములో, వానకై యాకాశమువంక చూచుచు బ్రదుకు అనంతపురపు మెట్టనేలలో, గాజుతొట్టిలోని చేపకు వచ్చిన రోగమునుగూర్చి వ్యాసము వ్రాయబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. రాజ్యములు పుట్టుటయు గిట్టుటయు చరిత్రయగును గాని, బంగారుచేప రెక్కలు ముడుచుకొనుట చరిత్ర యెట్లగునని వారడుగుదురు. మేమును మొదట నట్లే తలచితిమి. కాని మా యింటిలో జరిగిన యొక చిన్న సంగతి యీ తలపును మార్చినది. మానవుడు మూగజీవము నొకదానిని తన యింటికి తెచ్చి, దాని లోకమునంతయు తన చేతులతోనే కట్టి యిచ్చినపుడు, అది జబ్బుపడినచో దోషమెవరిదను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నకు వేర్వేఱు కాలములలో మానవుడు చెప్పుకొన్న జవాబులే యీ వ్యాసమునకు విషయము.

మూడేండ్లక్రిందటి ధనుర్మాసములో మా పిల్లవాడు పట్టుపట్టగా బజారునుండి మూడు బంగారుచేపలను కొనితెచ్చి, గుండ్రని గాజుపాత్రలో వదలితిమి. సంక్రాంతి సమీపింపగానే ఇల్లు వాకిలి కడిగించి, గోడలకు సున్నము వేయించి, ఇత్తడిబిందెలు చింతపండుతో తోమించిన యుత్సాహములోనే చేపల పాత్రనుకూడ శుద్ధిచేసితిమి. అడుగునగల గులకరాళ్ళను తళతళలాడునట్లు రుద్ది కడిగి, పాతనీరంతయు పారబోసి, తెల్లవారుజామున మిద్దెమీది తొట్టినుండి చల్లని కుళాయినీరు పట్టి నింపితిమి. కొలది దినములలోనే చేపల యొంటిమీద ఉప్పురవ్వలు చల్లినట్లు తెల్లనిచుక్కలు లేచినవి. అవి గులకరాళ్ళకు ఒళ్ళు రాచుకొనసాగినవి, మేత ముట్టలేదు, నీటి పైభాగమునకు వచ్చి నోరు తెఱచుచు మూయుచుండెను. దుకాణమునకు పోయి నీలిరంగు మందొకటి తెచ్చి కొన్ని బొట్లు వేసితిమి. చుక్కలు మాయమైనవి. మందు నాపితిమి. మఱికొన్ని దినములకే చుక్కలు మునుపటికంటె దట్టముగా తిరిగివచ్చినవి; రెండు చేపలు చనిపోయినవి.

పిల్లవాడేడ్చుచుండగా మా తల్లిగారు వానిని దగ్గఱకు తీసికొని, "పోనీలేరా నాయనా, యేడవొద్దు. మనింటికి రావాల్సిన కీడును అది మీదేసుకొని పోయినాది" అని ఓదార్చిరి. వాడు కన్నులు తుడుచుకొని, "మరి దానికొచ్చిన కీడును ఎవురు మీదేసుకోవాల జేజీ?" అని యడిగెను. మా తల్లిగారు జవాబు చెప్పలేదు. ప్రక్కనే పుస్తకము పట్టుకొని కూర్చుండిన మేమును చెప్పలేకపోయితిమి.

ఈ నమ్మకము మా యింటిది మాత్రమే కాదు. ఫలానా దిక్కున చేపలతొట్టి యుంచుకొన్నచో అరిష్టములు తొలగునని, చేప చచ్చినచో ఇంటివారి గండము గడచినదని చెప్పువారు పట్టణములలో చదువుకొన్నవారిలోను గలరు. ఇందులో దుఃఖమును తగ్గించు గుణమొకటి యున్నమాట నిజమే. కాని యిది దుఃఖముతోపాటు విచారణనుకూడ తగ్గించుచున్నది. చేప మనకొఱకు చచ్చినదనుకొన్నపిమ్మట, మనవలన చచ్చెనేమో యని యెవరును పరీక్షింపరు. మఱునాడే క్రొత్త చేపలు వచ్చును; వానికిని ఆ నీరే, ఆ పాత్రయే, ఆ గతియే.

చేపను పాత్రలో పెంచిన కథ మన వాఙ్మయములో మిక్కిలి ప్రాచీనమైనది. శతపథ బ్రాహ్మణములో మనువు చేతులు కడుగుకొను నీటిలోనికి ఒక చిన్నచేప వచ్చినది. తన్ను పోషించినచో రాబోవు జలప్రళయమునుండి రక్షింతునని అది చెప్పెను. మొదట కుండలో నుంచుమనియు, కుండ చాలనినాడు గుంట త్రవ్వి యందు వదలుమనియు, గుంటయు చాలనినాడు సముద్రమునకు చేర్చుమనియు కోరెను. మత్స్యపురాణము ఈ కథనే పెంచి, కమండలువునుండి కాగునకు, కాగునుండి బావికి, బావినుండి సరస్సునకు, గంగకు, కడపట సముద్రమునకు చేపను నడిపించినది. ఈ కథను మన మవతారకథగా పలుమాఱులు వింటిమి; కాని గృహస్థునకు పనికివచ్చు మాట యొకటి యందున్నదని మాకు పిల్లవాని ప్రశ్నకు పిమ్మటనే తోచినది. చేప 'ఈ చోటు చాలద'ని చెప్పెను. మనువు దాని మాట నమ్మెను. నీవు ఎదుగుట తప్పనలేదు. కుండ చిన్నదైనది తన లోపమేయని గ్రహించి మఱియొక చోటు చూపెను. మన యిండ్లలోని చేపలకు మాటలు లేవు. రెక్కలు ముడుచుట, ఒరుగుట, నీటిపైకి వచ్చి ఎగపీల్చుట, రాతికి ఒళ్ళు రాచుకొనుట, ఇవియే వాని మాటలు. ఆ మాటలను మన మపశకునములుగా చదువుచున్నాము.

జంతువులకు వైద్యము చేయించుట పాలకుని ధర్మమను మాట మన సీమ రాళ్ళమీదనే చెక్కియున్నది. గుత్తికి చేరువనే, కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడివద్ద అశోకుని శిలాశాసనములు గలవు. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమునాటి యా శాసనములలో రెండవది, మనుష్యులకును పశువులకును రెండువిధములైన చికిత్సల నేర్పాటు చేసితిననియు, ఓషధులు లేనిచోట్లకు తెప్పించి నాటించితిననియు, దారులవెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు చెప్పుచున్నది. ఉత్తరదేశమున స్తంభములమీద చెక్కించిన మఱియొక శాసనములో ఆ రాజే కొన్ని చేపజాతులను చంపరాదనియు, కొన్ని తిథులలో చేపలను చంపుటగాని అమ్ముటగాని కూడదనియు కట్టడచేసెను. చికిత్సయు బావియు చెట్టును ఒకే శాసనములో చోటుచేసికొనుట గమనింపదగినది. మందును నీటినుండి విడదీయరాదను సంగతి యా శాసనము చదువునపుడు మనకు తట్టకమానదు.

తరువాతి కాలమున మనవారు గజములకు పాలకాప్యుని పేరను, అశ్వములకు శాలిహోత్రుని పేరను, వృక్షములకు సురపాలుని పేరను వైద్యగ్రంథములు నిలుపుకొనిరి. రాజునకు ఏనుగు బలము, గుఱ్ఱము వేగము, తోట భోగము. చేపనుగూర్చి విరివిగా వ్రాసిన గ్రంథము 12వ శతాబ్దములో కల్యాణము రాజధానిగా నేలిన పశ్చిమచాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుని మానసోల్లాసము. అందలి మత్స్యవినోద ప్రకరణములో ముప్పదికి మించిన చేపజాతులు, వానికి వేయవలసిన మేతలు, గాలములు, దారములు వర్ణింపబడినవి. ఏ చేప యేమి తినునో యంత శ్రద్ధతో పరిశీలించిన యా దృష్టి మెచ్చదగినదే. అయినను, ప్రకరణము పేరే చెప్పుచున్నట్లు, అది వినోదము. చేపను గాలమునకు రప్పించుటకై చేసిన పరిశీలనము. పట్టుకొనుటకు కావలసిన జ్ఞానము వేఱు, పెట్టుకొనుటకు కావలసిన జ్ఞానము వేఱు.

మన మెట్టనేలలో చేపకు నిజమైన నివాసము చెఱువే. 14వ శతాబ్దములో విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వాగునకు అడ్డకట్ట వేయించి చెఱువు కట్టించెననియు, దాని తూములవద్ద వెలసిన యూళ్ళే బుక్కరాయసముద్రము, అనంతసాగరము అనియు స్థలచరిత్ర చెప్పుచున్నది. ఇప్పటి అనంతపురము పేరునకు మూలమదియే. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానమాత్రమే కురియుచోట, ఆ వానను నిలుపుకొనుటకు పూర్వులు వందలకొలది చెఱువులు త్రవ్విరి. నిండినయేడు వానిలో చేపలుండును. ఎండినయేడు బురదలో కొఱమీనులు మాత్రము గాలి పీల్చుచు కొంతకాల మోర్చుకొనును.

ఆ బుక్కరాయసముద్రపు కట్టయే ముసలమ్మ కథకు రంగస్థలము. కట్ట తెగబోవుచుండగా, ఊరు నిలువవలెనన్న నొక కోడలు బలి కావలెనని దైవవాణి పలికెననియు, ముసలమ్మ యను ఇల్లాలు తానై గండిలోనికి నడచిపోయెననియు ఐతిహ్యము. సి. పి. బ్రౌను 1853లో ప్రకటించిన అనంతపురచరిత్రములో ఈ వృత్తాంతము గలదు. దానినాధారముగా కట్టమంచి రామలింగారెడ్డిగారు 19వ శతాబ్దాంతమున 'ముసలమ్మ మరణము' కావ్యమును రచించిరి. ఆ యిల్లాలి త్యాగమునకు చేతులు మోడ్చుటలో మేమెవరికిని తీసిపోము. కాని యొక మాట యడుగక తప్పదు. గండి పూడినది రాతితోను మట్టితోనుగదా! కట్ట తెగునంతవరకు ఎవరు చూడకయుండిరి? ఎవరి యజాగ్రత్తకు ఎవరు మూల్యమిచ్చిరి? ఆపద వచ్చినపుడు నోరులేని యొకరు దానిని మీద వేసికొనవలెనను తలపు మనలో నెంత లోతుగా నాటుకొన్నదో యీ కథ చూపును. నాడు కట్టవద్ద కోడలు. నేడు కూటమింటిలో చేప. ప్రాణములకు తారతమ్యముండవచ్చును గాని, తలపు మాత్రము ఒక్కటే.

ఇక మన యిండ్లలోని బంగారుచేప యీ చెఱువులది కాదు; చీనాదేశమునుండి వచ్చినది. అచ్చట సుంగవంశపు రాజుల కాలములో ఎఱ్ఱని, పసుపుపచ్చని చేపలను ఏరి కొలనులలో పెంచిరి. మింగువంశపు కాలమునకు వానిని పింగాణితొట్లలో నింటిలోపలకు తెచ్చిరి. 1596లో చాంగ్ చియాన్‌తె యనునతడు వీని పెంపకమును గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథము వ్రాసెను. కొలనునుండి తొట్టికి వచ్చుటతో చేప చరిత్రలో నొక పెద్ద మార్పు కలిగినది. కొలనులో ఎండ, నాచు, బురద, వాననీరు చేపకు పరిచర్య చేయును. తొట్టిలో ఆ పరిచర్య యంతయు మనుష్యునిదే. ఆ పరిచర్య యేమిటో తెలియుటకు మఱి కొన్ని వందల యేండ్లు పట్టెను.

1850లో లండనునగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు గాజుపాత్రలో రెండు బంగారుచేపలను, ఒక నీటిమొక్కను, కొన్ని నత్తలను కలిపియుంచి తన పరిశీలనములను ప్రకటించెను. మొక్క చేపకు ప్రాణవాయువు నిచ్చును. కుళ్ళిన యాకులను నత్తలు తినును. ఒకదాని లోటు మఱియొకటి తీర్చును. 1853లో లండను జంతుశాలలో జనులు చూచుటకై మత్స్యాగారమును తెఱచిరి. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథము అక్వేరియము అను పేరును వాడుకలోనికి తెచ్చినది. వెంటనే ఇంగ్లాండు దేశమంతట గాజుతొట్ల వేలంవెఱ్ఱి వ్యాపించెను. కాని వారింగ్టను తొట్టిని కొన్నవారందఱును వారింగ్టను ఓర్పును కొనలేదు. చేపలు చచ్చి, నీరు కంపుకొట్టి, పదియేండ్లు తిరుగకమునుపే ఆ వెఱ్ఱి చాలవఱకు చల్లారెను.

మన దక్షిణదేశమున మద్రాసు సైన్యమునందు వైద్యుడుగా నుండిన ఫ్రాన్సిస్ డే దొర 1875 మొదలు 1878 వఱకు భాగములుగా 'భారతదేశపు చేపలు' అను మహాగ్రంథమును ప్రకటించెను. సర్ ఫ్రెడరిక్ నికల్సను ప్రయత్నమున 1907లో మద్రాసు రాజధానిలో మత్స్యశాఖ యేర్పడెను; 1909లో మద్రాసు సముద్రతీరమున చేపలను చూపు అక్వేరియమును తెఱచిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున దానిని మూసివేసిరి. మన తాతలలో మద్రాసునకు పోయివచ్చినవారికి గాజువెనుక చేపను చూచు వింత ఆ విధముగా పరిచితమైనది.

ఈ చరిత్రలో 1876వ సంవత్సరమును ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన సీమలో అది ధాత సంవత్సరము. ధాతుకఱవని పెద్దలు నేటికిని చెప్పుకొను మహాక్షామము ప్రారంభమైన యేడు. అనంతపురము అప్పటికింకను వేఱు జిల్లా కాదు. 1882లోగాని అది బళ్ళారినుండి విడిపోలేదు. ఆ బళ్ళారి జిల్లా మిక్కిలి దెబ్బతిన్నవానిలో నొకటి. 1878 వఱకు సాగిన యా కఱవులో మద్రాసు రాజధానియందు లక్షలకొలది జనులు మడసిరి. సరిగా ఆ 1876లోనే ఫ్రాన్సుదేశములో ఫూకే అనునతడు చేపల యొంటిమీద తెల్లచుక్కలు పుట్టించు ఏకకణజీవిని వర్ణించి దానికి శాస్త్రనామము పెట్టెను. అదే యేట జర్మనీలో హైన్రిక్ కారో అను రసాయనజ్ఞుడు మిథిలీన్ బ్లూ అను నీలిరంగును తయారుచేసెను. 1891లో పౌల్ ఎర్లిక్ ఆ రంగును మలేరియా రోగులకిచ్చి పరీక్షించెను. పిమ్మట అదియే చేపల తొట్లలోనికి మందుగా వచ్చెను. ఈ మూడు సంగతులకును సంబంధము లేదు. అయినను మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచునపుడు మేము సిగ్గుపడితిమి. మాకంటె నూటముప్పదియేండ్లకు పైగా ముందే రోగమును కనిపెట్టిరి, మందును కనిపెట్టిరి. మేము మాత్రము ఆ మందు నెన్నాళ్ళు వేయవలెనో తెలిసికొనకయే చేతులు కడుగుకొంటిమి.

ఆ జీవి నడక యిట్టిది. అది చేప చర్మములోనికి దూరి తినుచు లావగును. అదియే మనకు కనబడు తెల్లచుక్క. చర్మము చాటున నున్నంతకాలము ఏ మందును దానిని సులభముగా తాకజాలదు. పెరిగిన పిమ్మట చేపను విడిచి అడుగునకు జారి, గూడు కట్టుకొని, ఒకటి వందలుగా చీలును. ఆ పిల్లలు నీటిలోనికి వెలువడి, ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో చచ్చును. మందుకు చిక్కునది ఈ యీదులాడు పిల్లయే. కావున చుక్కలు మాయమగుట రోగము తగ్గుట కాదు. శత్రువు అడుగునకు దిగి పదింతలగుటకు సిద్ధపడుచున్నాడని యర్థము. నీరు వెచ్చగానున్నచో ఈ చక్రము వారములోపల తిరుగును. చలికాలములో వారములు పట్టును. మేము ధనుర్మాసపు చలిలో మందు వేసి, చుక్కలు పోగానే ఆపుటచే రెండు ప్రాణములు పోయినవి.

మా తప్పు మందుతో మొదలు కాలేదు, శుద్ధితో మొదలైనది. చేప మొప్పలనుండి ఎడతెగక అమోనియా వెలువడును. అది చేపకే విషము. దానిని నిరపాయముగా మార్చు పని సూక్ష్మజీవులదని 1877లో ష్లోజింగ్, ముంట్జ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మురికినీటిపై చేసిన పరీక్షలవలన తేలెను. 1890 ప్రాంతమున వినోగ్రాద్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ జీవులను వేఱుచేసి చూపెను. అవి గులకరాళ్ళమీద, గాజుమీద, జారుడుపొరగా అంటియుండును. క్రొత్తతొట్టిలో అవి తగినంతగా పెరుగుటకు నెల, నెలన్నర పట్టును. మేము మైల యనుకొని రుద్ది పారబోసినది ఆ పొరనే. మిగిలిన కొంచెమును కుళాయినీటిలోని క్లోరిను చంపినది. తెల్లవారుజామున పోసిన చల్లనినీరు చేపను నిలువునా వణికించినది. కంటికి శుద్ధముగానున్నదే శుద్ధమను మడియాచారపు బుద్ధి మాలో నెంత మిగిలియున్నదో యప్పుడు తెలిసినది. తళతళలాడు నీటిలో చేప చచ్చినది. నాచుపట్టిన చెఱువులో దాని బంధువులు హాయిగా నీదుచున్నవి.

మన సీమ నీటికి మఱియొక చిక్కు గలదు. లోతైన బోర్లనుండి వచ్చు నీరు తఱుచు గడుసు, క్షారగుణము గలది. క్షారజలములో అమోనియా విషము మఱింత తీవ్రమగును. ఎండకాలమున నీరు ఆవిరియైపోగా ఉప్పులు మిగిలిపోవును. తఱిగినంతకు మఱల బోరునీరే పోసినచో ఉప్పు నానాటికి పెరుగును. నీరు వేడెక్కినకొలది అందు కరగు ప్రాణవాయువు తగ్గును. కరెంటు పోయి గాలియంత్రము ఆగినచో, ఇఱుకుపాత్రలోని చేపకు మండువేసవి మధ్యాహ్నము గడచుట కష్టము.

నీరు జబ్బుచేయుట చేపకే పరిమితము కాదు. 1937లో షార్ట్ అను వైద్యుడును అతని సహచరులును అప్పటి నెల్లూరు జిల్లాలో, పండ్లు గారపట్టి వెన్ను వంగిపోయిన గ్రామస్థులను పరీక్షించి, ఆ రోగమునకు కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడని వెల్లడించిరి. మన దేశమున ఈ రోగమును మనుష్యులలో గుర్తించి వర్ణించిన తొలి పరిశోధనములలో నది యొకటి. అనంతపురపు పల్లెలలోను ఆ ఫ్లోరైడు గలదు. వంగిన వెన్నును చూచి పూర్వజన్మకర్మమనుకొన్నంతకాలము బావిని పరీక్షింపవలెనను తలంపే పుట్టదు. 1990 తరువాతి దశాబ్దములో పుట్టపర్తి సత్యసాయి సంస్థవారు ఈ జిల్లాలో సుమారు 700 గ్రామములకు త్రాగునీటి గొట్టములు వేయించినపుడు జరిగిన మేలు ఏ తాయెత్తువలనను జరిగినది కాదు. నీరు మార్చుటవలన జరిగినది. మనుష్యునకైనను మత్స్యమునకైనను మొదట పరీక్షింపవలసినది నీరు, పిమ్మట రోగి, ఆ పిమ్మట మందు.

కావున చేపలను పెంచు గృహస్థులకు మా యనుభవమువలన తెలిసిన నాలుగు మాటలు చెప్పెదము. గుండ్రని చిన్నపాత్ర చేపకు ఇల్లు కాదు. బంగారుచేప అడుగుపొడవు వఱకు ఎదుగగలదు, పదియేండ్లకు మించి బ్రదుకగలదు. దానికి వెడల్పైన తొట్టియు, గాలి ఆడు విశాలమైన నీటి పైభాగమును కావలెను. చేపకు జబ్బు కనబడగానే మేత నాపుడు. తినని మేత కుళ్ళి నీటిని చెఱచును. నీటిలో నాల్గవవంతుమాత్రము తీసి, ముందటిదినము వెడల్పైన పాత్రలో తెఱచియుంచిన నీటిని, తొట్టినీటియంత వెచ్చగానున్నపుడు మెల్లగా పోయుడు. గులకరాళ్ళను కడుగవలసివచ్చినచో తీసిన పాతనీటిలోనే జాడింపుడు. తెల్లచుక్కలకు, మొక్కలు లేని తొట్టియైనచో, లీటరునకు 2 గ్రాములకు మించకుండ మామూలు ఉప్పును ముందుగా కరగించి, రెండుమూడు దినములలో కొంచెముకొంచెముగా చేర్చుట మేలు. నీలిరంగు మందు వాడవలసివచ్చినచో వేఱు తొట్టిలో వాడుడు. అది మేలుచేయు సూక్ష్మజీవులనుకూడ చంపును. చుక్కలు పోయినపిమ్మట చికిత్స నాపక, వెచ్చనినీటిలో కనీసము పదిదినములు, చలికాలములో మఱికొన్ని వారములు సాగింపుడు. క్రొత్తచేపను తెచ్చినపుడు రెండుమూడు వారములు వేఱుగనుంచి పిదప కలుపుడు.

ఈ శ్రమ చేయలేనివారు చేపను తేకుండుటయే దానికి చేయు మొదటి వైద్యము. బిందెడు నీటికై ఆడువారు మైళ్ళు నడచిన సీమలో, వేడుకకై తొట్టెడు నీరు నిలువచేయువానికి ఆ నీటియెడల ఋణము గలదు. ఆ ఋణము తీర్చుదారి యొకటి మా యింటిలో దొరకినది. తొట్టినుండి తీసిన నీరు చెట్లకు మంచి యెరువు. ఉప్పు వేసిన దినములలో తప్ప మిగిలినపుడు అది యంతయు మా పెరటిలోని కరివేపచెట్టునకు పోవుచున్నది.

మూడవ చేప బ్రదికినది. పెద్దతొట్టిలో ఇప్పుడది జానెడు పొడవైనది. ఆదివారము నీరు మార్చుట పిల్లవాని పని. శనివారము సాయంకాలమే బిందె నింపి తెఱచియుంచుట మా తల్లిగారి పని. ఆ పని వారికి మేము చెప్పినది కాదు. వారంతట వారే పెట్టుకొన్నది. మొన్న ప్రక్కయింటి యిల్లాలు వచ్చి తమ తొట్టిలో చేపలు చచ్చినవనియు, ఇంటికి పట్టిన కీడు వదలినదనియు చెప్పుచుండగా, మా తల్లిగారు బిందెమీది మూత తీయుచు, "కీడు కాదమ్మా, నీళ్ళు మార్చిందాంట్లో తప్పు చేసింటారు. మా పిల్లోన్ని అడుగు, చెప్తాడు" అనిరి. మూడేండ్లక్రిందట వాడడిగిన ప్రశ్నకు మేము పుస్తకములలో వెదకుచుండిన జవాబు మా తల్లిగారి నోట వచ్చినది.